కమిటీని దించగలిగేది ఎవరు?



వేములవాడ రాజన్న గుడి చుట్టుపక్కల ఒక్క పూట తిరిగితే చాలు, నలుగురి కోసం పెట్టిన సంస్థను ఎన్ని తీర్లుగా నడపవచ్చో అన్నీ అక్కడే కనిపిస్తాయి. గుడిని దేవాదాయ చట్టం కింద ప్రభుత్వం నియమించిన కార్యనిర్వహణాధికారి నడుపుతారు. గుడి బయటి వీధుల్లో కుల సంఘాలు కట్టించుకున్న అన్నదాన సత్రాలున్నాయి. వాటికి అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గం ఉంటారు. ఆ సత్రంలో వెలిగే దీపానికి కరెంటు ఇచ్చేది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. మనం సెస్ అంటాం. దానికి ఓట్లేసి ఎన్నుకున్న డైరెక్టర్లుంటారు. సత్రంలో వంట చేసే అక్క తన వాడలోని పొదుపు సంఘంలో సభ్యురాలు. పల్లెల్లో అయితే ఆ సంఘాల మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య. వీటిలో ఏదీ ఒక యజమాని లాభం కోసం పెట్టింది కాదు. అయినా ఒక్కోదాన్ని నడిపించే పద్ధతి ఒక్కో తీరు.

ఈ రోజు నా ప్రసంగం ఆ పద్ధతి గురించే. సేవా సంస్థ పెట్టాలనుకున్నవాళ్లు, ఇప్పటికే పెట్టి నడుపుతున్నవాళ్లు పాలకవర్గాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలి, ఏ నమూనా ఎవరికి సరిపోతుంది అన్నది విషయం. చట్టం చదివి చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. సంఘాల మినిట్స్ పుస్తకాలు, బైలాలు తిరగేసి చూసిన మనిషిగా చెప్పే మాటలు కొన్ని ఉంటాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో సంఘాలకు కొదవ లేదు. యువజన సంఘాలు, రక్తదాతల సంఘాలు, గ్రంథాలయ కమిటీలు, వృద్ధాశ్రమాలు, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలను ఆదుకునే బృందాలు, కుల సంఘాలు, గుడి పునరుద్ధరణ కమిటీలు. వీటిలో చాలావాటి బైలా ఎక్కడిదని అడిగితే ఒకటే జవాబు వస్తుంది: "పక్క సంఘానిది తెచ్చి పేర్లు మార్చినం." అధ్యక్షుడు ఎవరు, ఉపాధ్యక్షులు ఎందరు అన్న దాని మీద నెలల తరబడి మాటలు నడుస్తాయి. ఈ కమిటీ తప్పు చేస్తే దీన్ని దించే అధికారం ఎవరికుంది, ఎలా దించాలి అన్న ఒక్క నిబంధనను మాత్రం ఎవరూ చదవరు. నా దృష్టిలో పాలకవర్గ నమూనా అంటే ఆ ఒక్క నిబంధనే. తక్కినవన్నీ దాని వెంట వచ్చేవి.

సంస్థను రిజిస్టర్ చేయడానికి మన దగ్గర ఉన్న దారులు ఏమిటో ముందు చూద్దాం. ఒకటి ట్రస్టు. దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకుంటారు. రెండోది సొసైటీ. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దీనికి వర్తిస్తుంది. కనీసం ఏడుగురు కలవాలి. అంతకు ముందు తెలంగాణ జిల్లాల్లో 1350 ఫసలీ నాటి నిజాం చట్టం ఉండేది. మూడోది కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ. నాలుగోది సహకార సంఘం. అందులో 1964 చట్టం కిందిది ఒక రకం, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందిది ఇంకో రకం. ఈ రెండోదాన్నే మాక్స్ అంటారు. సిరిసిల్ల నేతన్నలకు ఇది కొత్త మాట కాదు. బతుకమ్మ చీరల ఆర్డర్లు మరమగ్గాల మాక్స్ సంఘాల ద్వారానే కదా వచ్చాయి.

పైకి చూస్తే ఇవి వేరువేరు ఆఫీసుల్లో పెట్టే వేరువేరు దరఖాస్తులు. లోపల చూస్తే అధికారం ఎక్కడ నిలుస్తుందన్న దానికి ఇవి వేరువేరు జవాబులు. ట్రస్టులో అధికారమంతా ట్రస్టీల దగ్గరే ఉంటుంది. వాళ్లను బయటివాళ్లెవరూ ఓటేసి దించలేరు. ఖాళీ వస్తే మిగిలిన ట్రస్టీలే కొత్తవాళ్లను తీసుకుంటారు. అన్యాయం జరిగిందనుకుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, సంస్థతో సంబంధమున్న ఇద్దరో ముగ్గురో కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. సొసైటీలో అధికారం సర్వసభ్య సమావేశానిది. కార్యవర్గం దాని చేతి కింద పనిచేయాలి. సభ్యుల మధ్య తగాదా వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు. మధ్యవర్తి దగ్గరికో జిల్లా కోర్టుకో పోవాలి. సహకార సంఘంలో సభ్యుడే యజమాని. ఒక మనిషికి ఒకే ఓటు, పెట్టిన పైసలు ఎన్నయినా సరే.

మన గుడుల చరిత్రలో ట్రస్టుల గురించి ఒక పాఠం ఉంది. 1987 దేవాదాయ చట్టం వచ్చేదాకా చాలా దేవాలయాల్లో, ధర్మసంస్థల్లో ధర్మకర్తృత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఆ చట్టం వంశపారంపర్య ధర్మకర్తల హక్కును రద్దు చేసింది. దాని మంచిచెడుల మీద కోర్టుల్లో చాలా వాదనలు జరిగాయి. ప్రభుత్వం నియమించే బోర్డుల్లో రాజకీయం చేరిందన్న బాధ భక్తుల్లో ఉంది, అది నిజమైన బాధ. అయితే అదే చట్టం ఉన్న రాష్ట్రంలో ఇప్పుడు మనం కొత్తగా రాసుకుంటున్న ట్రస్టు దస్తావేజులు చూడండి. "నా తదనంతరం నా పెద్ద కుమారుడు మేనేజింగ్ ట్రస్టీగా ఉండగలడు" అని రాస్తున్నాం. ఒకరి సొంత ఆస్తితో, ఒకరి సొంత సంపాదనతో నడిచే ట్రస్టయితే అందులో తప్పు పట్టను. తాత పేరు మీద స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారంటే ఆ కుటుంబమే చూసుకోనీ. కానీ ఊరంతా చందాలు వేసుకుని కట్టుకున్న వృద్ధాశ్రమాన్ని, రసీదు బుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరిగి నిలబెట్టిన బడిని అట్లాంటి దస్తావేజు కింద పెట్టడం న్యాయం కాదు. వెయ్యి మంది పైసలు పెట్టి, ఒక్క ఇంటికి తాళంచెవి ఇచ్చినట్టవుతుంది.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ఈ సంస్థకు పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక్క చేతి నుంచి వస్తే ట్రస్టు చాలు. అప్పుడు కూడా ఆ కుటుంబానికి చెందని ఇద్దరు ట్రస్టీలుండాలి, ఏటా లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. చాలా చేతుల నుంచి చిన్నచిన్నగా వస్తే, ఆ చేతులన్నింటికీ ఓటు ఉండే సొసైటీయే సరైనది.

సత్రాల సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. ఈ నేల మీద బాగా వేళ్లూనుకున్న సేవా సంస్థ సత్రమే. శివరాత్రికి, శ్రావణ మాసంలో, సోమవారాల్లో కోడెమొక్కు చెల్లించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తాయి. వాళ్లకు గది, అన్నం కావాలి. కుల సంఘం స్థలం కొంటుంది. దాతల పేర్లతో గదులు కడుతుంది. శాశ్వత అన్నదానం పథకం పెడుతుంది: మీరు ఒక మొత్తం కడితే అది బ్యాంకులో ఉంటుంది, దాని వడ్డీతో ఏటా మీరు చెప్పిన తిథి నాడు మీ పేరున అన్నం పెడతారు. పెళ్లిరోజు అనుకోండి, నాన్న చనిపోయిన రోజు అనుకోండి. ఎంత మంచి ఏర్పాటు! ఇచ్చినవాడు పోయినా అన్నం ఆగదు. ఒక మనిషి మరో మనిషి మీద పెట్టుకునే నమ్మకానికి ఇంతకంటే గట్టి రూపం నాకు తెలియదు.

ఈ సత్రాల్లో సభ్యత్వం తరగతులుగా ఉంటుంది. మహారాజ పోషకులు, రాజపోషకులు, శాశ్వత సభ్యులు, సాధారణ సభ్యులు. ఎక్కువ ఇచ్చినవారికి పెద్ద పేరు, గోడ మీద రాతి పలక. అది గౌరవం, ఇవ్వాల్సిందే. చిక్కు ఎక్కడంటే కొన్ని బైలాల్లో కార్యవర్గానికి పోటీ చేసే హక్కు కూడా పోషకులకే పరిమితం చేస్తారు. మరికొన్నింటిలో కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవడం, చేర్చుకోకపోవడం కార్యవర్గం ఇష్టమని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం చూడ్డానికి చిన్నది. కానీ సభ్యత్వపు తలుపు ఎవరి చేతిలో ఉంటే సంఘం వారిదే. తమకు ఓటేసేవాళ్లనే చేర్చుకుంటూ పోతే ఎన్నికలు ఎన్నిసార్లు పెట్టినా ఫలితం మారదు. కాబట్టి ఫలానా అర్హతలున్న వాళ్లెవరైనా ఇంత రుసుము కడితే ఇన్ని రోజుల్లో సభ్యత్వం ఇవ్వాలి, నిరాకరిస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి, దాని మీద సర్వసభ్య సమావేశంలో అప్పీలు చేసుకోవచ్చు అని రాసుకోవాలి.

ఇంకో నిబంధన ఉంది. కోరం లేక వాయిదా పడిన సర్వసభ్య సమావేశాన్ని అరగంట తర్వాత అక్కడే మళ్లీ జరపవచ్చు, అప్పుడు కోరం అవసరం లేదు. చాలా బైలాల్లో ఇది అచ్చుగుద్దినట్టు ఉంటుంది. దూరాభారాల వల్ల సభ్యులు రాలేరు కాబట్టి పని ఆగకూడదని పెట్టుకున్న వెసులుబాటు అది. రోజువారీ పనులకు ఫరవాలేదు. కానీ స్థలం అమ్మడం, శాశ్వత నిధిని ముట్టుకోవడం, బైలా మార్చడం లాంటి వాటికి ఈ అరగంట వెసులుబాటు వర్తించకూడదని స్పష్టంగా రాయాలి. లేకుంటే వెయ్యి మంది సభ్యులున్న సంఘం ఆస్తి మీద పది మంది తీర్మానం చేసిపోతారు, అది కాగితం మీద చెల్లుతుంది కూడా.

ఇక సెస్ దగ్గరికి వద్దాం. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టినప్పుడు, అమెరికా పల్లెల్లో సహకార సంఘాలే కరెంటు ఇచ్చిన అనుభవాన్ని చూసి మన దేశంలోనూ ఆ ప్రయోగం చేయాలనుకున్నారు. అందుకు ఎంచుకున్న ఐదు చోట్లలో సిరిసిల్ల ఒకటి. తక్కినవి ఉత్తరప్రదేశ్‌లో లక్నో, గుజరాత్‌లో కొడినార్, కర్ణాటకలో హుకేరి, మహారాష్ట్రలో మూలా ప్రవర. 1970 నుంచి మన సెస్ నడుస్తోంది. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర కరెంటు టోకున కొని, ఊళ్లకు, వ్యవసాయ మోటార్లకు, మరమగ్గాలకు తానే సరఫరా చేస్తుంది, తానే బిల్లు వసూలు చేస్తుంది. తర్వాతి కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో జోగిపేట, కదిరి, రాయచోటి లాంటి చోట్ల పుట్టిన ఇలాంటి సంఘాలు విద్యుత్ సంస్థల్లో కలిసిపోయాయి. మహారాష్ట్ర మూలా ప్రవర 2011లో సరఫరా హక్కు పోగొట్టుకుంది. సిరిసిల్ల మాత్రం నిలబడింది. ఇది మన జిల్లా గర్వపడాల్సిన విషయం.

దాని పాలన తీరు చూడండి. సభ్యులు ప్రాంతాల వారీగా 15 మంది డైరెక్టర్లను ఎన్నుకుంటారు. డైరెక్టర్లు తమలో ఒకరిని చైర్మన్‌గా ఎన్నుకుంటారు. రోజువారీ పని మేనేజింగ్ డైరెక్టర్ చూస్తారు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఇంకెక్కడుంది? 2022 డిసెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు 80 వేలకు పైగా ఓటర్లున్నారు. అయితే ఆ ఎన్నిక ఎట్లా జరిగిందో మీరందరూ చూశారు. పార్టీల ప్యానెళ్లు, ర్యాలీలు, ఎమ్మెల్యేల ప్రచారం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, నష్టాలను ఎట్లా తగ్గిస్తారు, లైన్‌మెన్ ఎందరున్నారు అన్న చర్చ వెనకబడింది. అంతకు ముందు పాలకవర్గం గడువు ముగిశాక కొంతకాలం ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జి పాలన నడిచింది. 1964 చట్టం ప్రభుత్వానికి ఆ అధికారం ఇస్తుంది.

ఓటు హక్కు ఒక్కటే సభ్యుణ్ణి యజమానిని చేయదు. సెస్‌లో సభ్యుడు కనెక్షన్ తీసుకున్నాడు కాబట్టి సభ్యుడు. సంఘం బాగుపడితే తనకేం దక్కుతుందో, నష్టపోతే తన మీద ఏం పడుతుందో అతనికి కనిపించదు. కనిపించనప్పుడు తన పార్టీకే ఓటేస్తాడు, అది సహజం. సంఘాన్ని ఇన్నేళ్లు నిలబెట్టిన ఉద్యోగులను, డైరెక్టర్లను తక్కువ చేయాలని కాదు ఈ మాట. ఇంత పెద్ద సంఘానికి ఓటుతో పాటు ఇంకేదో కావాలి.

ఆ ఇంకేదో ఏమిటో తెలుసుకోవాలంటే హుస్నాబాద్ అవతల ములుకనూరుకు పోవాలి. ఒకప్పుడు మన కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. అక్కడ 1956లో అల్గిరెడ్డి విశ్వనాథరెడ్డి గారి ఆధ్వర్యంలో సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది. రైతుకు అప్పు ఇవ్వడం, ఎరువులు, విత్తనాలు ఇవ్వడం, పంట కొని అమ్మిపెట్టడం అన్నీ ఒక్క సంఘమే చేసింది. దేశమంతటి నుంచి సహకారులు వచ్చి చూసి పోయే చోటు అది. అదే ఊళ్లో 2002లో మహిళల పాల సంఘం డెయిరీ మొదలైంది. స్వకృషి డెయిరీ అని మీకు తెలుసు. అది 1995 చట్టం కింద నడిచే సంఘం. సభ్యులందరూ ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లదే. ఊరూరా మహిళా పాల సంఘాలున్నాయి, అవి కలిసి డెయిరీని నడుపుకుంటాయి. ప్లాంటు నడపడానికి, మార్కెట్ చూడడానికి జీతం మీద జనరల్ మేనేజర్ ఉంటారు.

1995 చట్టంలో కొన్ని మాటలు నాకు చాలా ఇష్టం. సహకార వికాస సంస్థ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్న చట్టం అది. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే, తర్వాత బిహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఈ చట్టం కింద సంఘంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, కాబట్టి ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. దానికి బదులు సభ్యుల మీద బాధ్యత పెట్టింది. సంఘం సేవలను ఏడాదిలో కనీసం ఎంత వాడుకుంటే ఓటు హక్కు ఉంటుందో బైలాలో రాసుకోవాలి. అంటే పాల సంఘంలో పాలు పోయని సభ్యురాలు ఓటు వేయలేదు. నష్టం వస్తే ఎట్లా పంచుకోవాలో ముందే రాసుకోవాలి. గడువులోగా ఎన్నిక జరపని, సర్వసభ్య సమావేశం పెట్టని, ఆడిట్ లెక్కలు సభ్యుల ముందు ఉంచని డైరెక్టర్లు మళ్లీ పోటీ చేసే అర్హత కోల్పోతారు. పై అధికారి వచ్చి దించే పని లేదు. గడువు దాటితే వాళ్లంతట వాళ్లే అనర్హులవుతారు.

ఈ చివరి నిబంధనను ప్రతి సొసైటీ తన బైలాలోకి తెచ్చుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన చిన్న యువజన సంఘమైనా సరే. "ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో సర్వసభ్య సమావేశం జరపని కార్యవర్గ సభ్యులెవరూ తదుపరి ఎన్నికలో పోటీకి అర్హులు కారు." ఒక్క వాక్యం. రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఓటుకు బాధ్యత జోడించడం సేవా సంస్థల్లో ఎట్లా కుదురుతుందని అడగవచ్చు. రక్తదాతల సంఘమైతే ఏడాదిలో ఒక్కసారైనా రక్తం ఇచ్చినవాళ్లకో, శిబిరంలో పనిచేసినవాళ్లకో ఓటు. గ్రంథాలయమైతే ఏటా రుసుము కట్టినవాళ్లకు ఓటు. శాశ్వత సభ్యత్వం ఒక్కసారి కట్టి మరచిపోయినవాళ్లను గౌరవించాలి, కానీ సంఘం తలరాతను వాళ్ల చేతిలో పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు జీతం మీద పనిచేసేవాళ్లకూ పాలకవర్గానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది చూద్దాం. అమెరికాలో జాన్ కార్వర్ అనే ఆయన 1990లో రాసిన పుస్తకంతో ఒక పద్ధతి ప్రపంచమంతా పాకింది. పాలకవర్గం సంస్థ ఏం సాధించాలో చెప్పాలి, ఏం చేయకూడదో హద్దులు చెప్పాలి, ఆ హద్దుల మధ్య ఎట్లా చేయాలో పూర్తిగా కార్యనిర్వాహకుడికి వదిలేయాలి, మధ్యలో తలదూర్చకూడదు అన్నది దాని సారం. డెయిరీ లాంటి చోట, సెస్ లాంటి చోట ఇది సరిగ్గా అతుకుతుంది. డైరెక్టర్ ఫోన్ చేసి ఫలానా ఊరికి ఫలానా లైన్‌మన్‌ను పంపమని చెప్పడం అన్ని అనర్థాలకూ మూలం. కానీ ఒక వంటమనిషి, ఒక గుమస్తా ఉన్న సత్రానికి ఆ పద్ధతి సరిపోదు. అక్కడ కోశాధికారే బియ్యం కొనాలి, కార్యదర్శే నీళ్ల మోటారు బాగు చేయించాలి. అట్లాంటి చోట పాలకవర్గమే పనిచేసే వర్గం. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే పనిచేసే చేతులే లెక్కలు రాయకూడదు. కొన్నవాళ్లు ఒకరు, బిల్లు చూసి సంతకం పెట్టేవాళ్లు ఇంకొకరు, ఏడాది చివర తనిఖీ చేసేవాళ్లు కార్యవర్గంలో లేని మూడో మనిషి. చెక్కు మీద ఎప్పుడూ జంట సంతకాలు ఉండాలి. ఖాళీ చెక్కు మీద ముందే సంతకం పెట్టి ఇవ్వడం ఎంత ఆప్తులకైనా చేయకూడని పని.

మినిట్స్ పుస్తకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను చూసిన చాలా పుస్తకాల్లో ప్రతి పేజీలో ఒకే వాక్యం: "పై విషయము చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." దాని కింద పదిహేను సంతకాలు. ఏం చర్చించారు, ఎంత డబ్బు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, ఏమీ ఉండదు. అది మినిట్స్ కాదు, హాజరు పట్టిక మాత్రమే. ఉదాహరణకు బియ్యం సంగతే తీసుకోండి. శాశ్వత నిధి వడ్డీలోంచి ఇంత మొత్తంతో ఇన్ని క్వింటాళ్లు కొనాలని ఫలానావారు ప్రతిపాదించారు, ఫలానావారు బలపరిచారు. మూడు దుకాణాల కొటేషన్లు చూశారు. అందులో ఒక దుకాణం కోశాధికారి బంధువుది కాబట్టి ఆయన చర్చలో, ఓటింగులో పాల్గొనకుండా బయటికి వెళ్లారు. ఫలానా సభ్యుడు ధర ఎక్కువని అభ్యంతరం చెప్పారు. ఆయన మాట యథాతథంగా నమోదైంది. ఇట్లా రాసిన పేజీ ఒక్కటుంటే పదేళ్ల తర్వాత వచ్చే అనుమానాలకు జవాబు దొరుకుతుంది. ఏకగ్రీవం గొప్ప విషయమని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. కానీ అభ్యంతరం నమోదైన పుస్తకం మీద నాకు నమ్మకం ఎక్కువ.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో సంగతి గల్ఫ్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల పల్లెల్లో దుబాయ్, మస్కట్, దమ్మామ్ పోయినవాళ్లు లేని ఇల్లు అరుదు. ఊళ్లో గుడి కట్టాలన్నా, బడికి ప్రహరీ కట్టాలన్నా, అక్కడ చనిపోయిన తోటి కూలీ ఇంటికి సాయం చేయాలన్నా వాట్సాప్ గ్రూపులో చందాలు లేస్తాయి. ఎండలో కాంక్రీటు పోసి సంపాదించిన పైసలవి. ఇచ్చేవాళ్లు అక్కడుంటారు, కమిటీ ఇక్కడుంటుంది. ఆ కమిటీలో వాళ్లకు చోటు లేదు, లెక్క అడిగితే "నమ్మకం లేదా" అన్న మాట వస్తుంది. ఇది మారాలి. ఊరి సంఘం బైలాలోనే విదేశాల్లో ఉన్న సభ్యులకు కనీసం రెండు స్థానాలు కేటాయించాలి. వీడియో కాల్‌లో హాజరైనా హాజరే అని, సమావేశం గల్ఫ్‌లో ఉన్న సభ్యుల సెలవు రోజున పెట్టుకోవాలని రాసుకోవాలి. నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్ గ్రూపులో పెట్టాలి.

డబ్బు పంపడంలో ఒక చట్టం మెలిక కూడా తెలుసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. కాబట్టి గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల చందాలకు ఆ చిక్కు లేదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా ఆ డబ్బు తీసుకోకూడదు. ఎంత మంచి పనికైనా సరే. మీ కమిటీలో ఈ సంగతి తెలిసిన మనిషి ఒకరుండాలి.

పాలకవర్గంలో ఎందరుండాలి, ఎన్నేళ్లుండాలి? 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలకు 21 మందికి మించకూడదని, ఐదేళ్లు గడువని, ఇద్దరు మహిళలు, ఒక ఎస్సీ లేదా ఎస్టీ సభ్యుడు ఉండాలని చెప్పింది. రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు ఆ భాగం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది రాష్ట్రాల అధికారానికి సంబంధించిన తీర్పు, ఆ కొలతలు చెడ్డవని కాదు. సేవా సంస్థకు తొమ్మిది నుంచి పదకొండు మంది చాలని నా అభిప్రాయం. అందరి గడువూ ఒక్కసారి ముగియకుండా ఏటా మూడో వంతు మంది దిగిపోవాలి. పాతవాళ్ల అనుభవం పోకుండా కొత్తవాళ్లు వస్తారు. వరుసగా రెండు విడతల తర్వాత ఒక విడత విరామం తప్పనిసరి. వ్యవస్థాపకులకూ అంతే. కష్టపడి మొక్కవోని పట్టుదలతో సంస్థను నిలబెట్టిన మనిషి పక్కకు తప్పుకోవడం బాధగానే ఉంటుంది. అయినా ఆయన ఉండగానే ఇంకొకరు నడపగలరని తేలడం సంస్థకు మంచిది.

ఆడవాళ్ల విషయం వేరే చెప్పాలి. మన మండల సమాఖ్యల్లో లక్షల రూపాయల బ్యాంకు రుణాల లెక్కలు చూసే మహిళలున్నారు. తీర్మానం రాయడం, వాయిదాలు వసూలు చేయడం, పుస్తకాలు ఆడిట్ చేయించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అదే ఊళ్లో సత్రం కమిటీలో, గుడి కమిటీలో, వృద్ధాశ్రమం కమిటీలో వాళ్ల పేరు కనిపించదు. అన్నం వండేది వాళ్లు, చందా ఇచ్చే ఇంటి లెక్క చూసేదీ వాళ్లే. ఇంత అనుభవాన్ని గుమ్మం బయట పెట్టి, లెక్కలు చూసే మనిషి దొరకడం లేదని వాపోవడం సరికాదు.

గౌరవాధ్యక్షుల గురించి ఒక్క మాట. నాయకుల ఆశీస్సులు తీసుకోవచ్చు, సలహాలు తీసుకోవచ్చు. వాళ్ల పేరు సలహాదారుల జాబితాలో ఉండనివ్వండి. ఓటు, చెక్కు, సంతకం మాత్రం పని చేసేవాళ్ల దగ్గరే ఉండాలి.

మీ ఊళ్లో మీరు సభ్యులుగా ఉన్న సంఘం ఏదైనా సరే, దాని బైలా ఒకటి అడిగి తెచ్చుకోండి. అందులో కార్యవర్గాన్ని తొలగించే నిబంధన ఎక్కడుందో చూడండి. సమావేశం పిలవమని అడిగే హక్కు ఎందరు సభ్యులకు ఉందో చూడండి. ఆ రెండూ లేకపోతే వచ్చే సర్వసభ్య సమావేశానికి పదిహేను రోజుల ముందే సవరణ ప్రతిపాదన రాసి, సంతకం చేసి, కార్యదర్శి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి.